ఇరవై బొమ్మల లెక్క

మేళా అంటే మనకు తెలిసింది సాయంత్రం వేళ వెలిగే దీపాలు, కాలుతున్న మొక్కజొన్న పొత్తుల వాసన, పిల్లల చేతుల్లో గిలక్కాయలు. కానీ ప్రతి మేళాకూ ఓ ముందురోజు ఉంటుంది. టికెట్టు కొని లోపలికెళ్లే వాళ్లెవరూ దాన్ని చూడరు. ఆ రోజు అక్కడ అమ్మేవాళ్లే తప్ప కొనేవాళ్లుండరు. హైదరాబాద్ మాదాపూర్‌లోని శిల్పారామంలో డిసెంబరు మేళాకు ముందురోజు వెళ్లి చూడండి. ఎటు చూసినా గోనెసంచులు, ఇనప్పెట్టెలు, తాళ్లు కట్టిన అట్టపెట్టెలు. ఓ మూల సుత్తి చప్పుడు. ఇంకో మూల 'ఆ కర్ర కాస్త ఇటు పట్టరా' అని కేక. పొద్దున ఖాళీగా ఉన్న నేల మీద సాయంత్రానికి ఓ ఊరు లేస్తుంది.

ఒక ఊరేమిటి, పది ఊళ్లు! అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాక నుంచి లక్క బొమ్మలు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట నుంచి తోలుబొమ్మలు. సిద్దిపేట జిల్లా చేర్యాల నుంచి నకాషీ పటాలు, మాస్కులు. కొండపల్లి నుంచి అంబారీ ఏనుగులు, జనగామ జిల్లా పెంబర్తి నుంచి ఇత్తడి పని. ఒక్కొక్కరికీ దక్కేది మహా అయితే పదడుగుల జాగా. పదిహేను రోజుల పాటు ఇల్లు, దుకాణం, ఒక్కోసారి పడకగది... అన్నీ అదే.

ఆ పదడుగుల్ని తక్కువ ఖర్చుతో అంగడిగా మార్చడం ఎలా? సంత చేయడం తాతల నాటి నుంచి వచ్చిన వాళ్లకు ఇది వెన్నతో పెట్టిన విద్య. ఈమధ్య మట్టి నగలో, కుట్టుపని సంచులో చేసి అపార్ట్‌మెంట్ ప్రదర్శనల్లో స్టాలు పెట్టాలనుకుంటున్న గృహిణులకు మాత్రం పెద్ద ప్రశ్న. జవాబు కావాలంటే ముందురోజే వెళ్లాలి.

రూపాయల్లో కాదు, బొమ్మల్లో!

ఏటికొప్పాక నుంచి వచ్చిన ఓ నడివయసాయన మూటలు విప్పుతూ చెప్పిన లెక్క ఇది. అంకెలు ఊరికే ఉదాహరణకు వేసుకుందాం. రానూపోనూ రైలు ఛార్జీలు, సరుకు రవాణా, స్టేషన్ నుంచి ఆటో ట్రాలీ, పదిహేను రోజుల తిండి, పందిరి, కరెంటు... అన్నీ కలిపి 18 వేలు అనుకోండి. రోజుకు 1,200. ఒక్కో బొమ్మ మీద కర్ర, లక్క, కూలీ పోగా 60 రూపాయలు మిగుల్తుందనుకుంటే, రోజుకు ఇరవై బొమ్మలు అమ్మితే ఖర్చులు వస్తాయి. ఇరవై ఒకటో బొమ్మ నుంచే ఇంటికి పట్టుకెళ్లే డబ్బు.

"అందుకే బాబూ, నేను దేన్నయినా బొమ్మల్లోనే లెక్కేస్తాను. దారిలో టీ తాగినా అంతే" అని నవ్వాడాయన.

నవ్వులాటకు అన్నా ఇదెంత పదునైన కొలబద్దో చూడండి. స్టాలు ముందు రంగురంగుల ఫ్లెక్సీ తోరణం పెట్టించాలంటే 1,800 అవుతుందనుకుందాం. అంటే ముప్ఫై బొమ్మలు. ఆ ఫ్లెక్సీని చూసి ముప్ఫై మంది అదనంగా వస్తారా? రారు. పైగా దాని మీదున్న గులాబీ రంగు ముందు, ఆకులు, గింజలు, బెరళ్లతో చేసిన సహజ రంగుల బొమ్మలు వెలవెలబోతాయి. అదే 1,500 పెట్టి మందపాటి టార్పాలిన్ కొంటే ఇరవై అయిదు బొమ్మలు. కానీ అది నాలుగు మేళాలకు వస్తుంది. మేళాకు ఏడు బొమ్మలు కూడా పడదు. కొనాలా, అద్దెకు తెచ్చుకోవాలా, ఇంట్లోంచి పట్టుకెళ్లాలా అన్న ప్రశ్నలన్నీ ఈ ఒక్క లెక్కతో తేలిపోతాయి.

నేలేమో రాయి... మేకు దిగదు!

1992లో శిల్పారామం మొదలైనప్పుడు ఈ ప్రాంతం ఊరి బయట. రాళ్లు, పొదలు. ఆరేళ్ల తర్వాత దగ్గర్లోనే సైబర్ టవర్స్ వచ్చింది. ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే. ఇప్పుడు మెట్రో దిగి నడుచుకుంటూ రావచ్చు. చుట్టూ అద్దాల మేడలు లేచినా కింద నేల మాత్రం మారలేదు. దక్కన్ గుట్టల గ్రానైటు అది. జానెడు మట్టి కింద బండ.

కోస్తాలోలా గొయ్యి తీసి గుంజ పాతుదామంటే ఇక్కడ కుదరదు. చాలా మైదానాల్లో సిమెంటు పలకలు పరిచేశారు, అక్కడా అంతే. మరి గాలి వీస్తే? టార్పాలిన్ కప్పిన పందిరి తెరచాపతో సమానం. కింద బరువు లేకపోతే పందిరి లేచి పక్కవాళ్ల కుండల మీద పడుతుంది. పందిరి పోతే టార్పాలినే పోతుంది. పక్కవాళ్ల కుండలు పగిలితే ఆ మేళా లాభమంతా పోతుంది.

దీనికి అక్కడ చూసిన ఉపాయం భలే సులువైంది. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు! ఒక్కోటి ఇరవై కిలోలు. నాలుగు కాళ్లకూ నాలుగు కడితే ఎనభై కిలోలు. డిపాజిట్టు ఎలాగూ తిరిగొస్తుంది, దాహానికి నీళ్లూ దొరుకుతాయి. (ఒక క్యాను తాగేశాక నిండుది కట్టడం మర్చిపోకూడదు. సగం ఖాళీ అయితే బరువూ సగమే.) నీళ్ల క్యాన్లు దొరకనిచోట సిమెంటు బస్తాల్లో ఇసుక నింపి కట్టేస్తారు. క్యానుకు కట్టిన తాడు పందిరి మూలకు తిన్నగా బిగుతుగా ఉండాలి. వదులుగా వదిలితే బరువుండీ లేనట్టే. ఆ తాడుకో ఎర్ర గుడ్డపీలిక కూడా కట్టాలి. సాయంత్రం మసక వెలుతురులో పిల్లలు తట్టుకుని పడకుండా.

టార్పాలిన్ సమతలంగా కప్పకూడదన్నది ఇంకో పాఠం. వెనక వైపు ఓ అడుగు దిగువకు ఉండాలి. డిసెంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే హైదరాబాద్‌లోనూ జల్లు తప్పదు. సమంగా కప్పితే నీళ్లు మధ్యలో కుండలా నిలుస్తాయి. ఆ బరువుకు చినిగిందా, కింద ఉన్న చేర్యాల పటం గతి అంతే!

నీడ ఎటు పడుతుంది?

స్టాలు దొరగ్గానే కొత్తవాళ్లు అడిగేది 'జనం ఎటు నుంచి వస్తారు?' అని. పాతవాళ్లు ముందు సూర్యుడెటో చూస్తారు.

చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. డిసెంబరు చివర్లో హైదరాబాద్‌లో మిట్ట మధ్యాహ్నం కూడా నడినెత్తికి రాడు. నేల నుంచి దాదాపు 49 డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతాడు. ఎనిమిదడుగుల ఎత్తున కప్పు వేస్తే దాని నీడ దాని కింద పడదు. దాదాపు ఏడడుగులు ఉత్తరానికి జరిగిపోతుంది! మీ స్టాలు దక్షిణం చూస్తోందనుకోండి, పదడుగుల లోతులో ముందరి ఏడడుగులూ ఎండలోనే. కప్పుంది కదా అని ధీమాగా సరుకు పేర్చుకున్నవాళ్లకు మధ్యాహ్నానికి గానీ సంగతి అర్థం కాదు. వేసవిలో ఈ గొడవ లేదు. మే నెల మొదట్లో హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, కప్పు నీడ కిందే పడుతుంది.

అందుకే దక్షిణం చూసే స్టాలుకు ముందు వైపు చూరు కావాలి. పాత పంచె ఒకటి రెండు వెదురు బద్దలకు కుట్టి, వాలుగా కిందకు దించితే చాలు. ఖర్చు ఒక్క బొమ్మ కూడా కాదు. ఉత్తరం చూసే స్టాలు దొరికిందా, అదృష్టమే. పడమర చూసేవాళ్లకు నాలుగు గంటల ఎండ మొహం మీదే కొడుతుంది. సరిగ్గా జనం రావడం మొదలయ్యే వేళకు!

ఎండంటే అంత భయమెందుకు? బొమ్మలు చేసేవాళ్లను అడగాలి. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద గిర్రున తిప్పుతూ లక్క కర్రను ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి బొమ్మకు పట్టుకుంటుంది. వేడికి పట్టుకున్నది వేడికే మెత్తబడుతుందని వాళ్లకు వేరే చెప్పాలా? సహజ రంగులు వేసిన కలంకారీ గుడ్డను నాలుగు రోజులు ఎండలో వేలాడదీస్తే మడత లోపలి రంగుకూ, పైరంగుకూ తేడా తెలిసిపోతుంది. తోలు ఎండకు ఎండి అంచులు ముడుచుకుంటుంది. పాడైన ప్రతి వస్తువూ మళ్లీ ఇరవై బొమ్మల లెక్కలోకే వస్తుంది.

బొమ్మల కొలువు గుర్తుందా?

సరుకు పేర్చడానికి అల్మరాలు, గాజు బీరువాలు తెచ్చేవాళ్లూ ఉన్నారు. అవి తేవడానికో బండి, దించడానికో కూలీ. ఆ అవసరమే లేదంటారు అనుభవజ్ఞులు. మనిళ్లలో దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు పెడతాం కదా. ట్రంకు పెట్టె మీద చెక్క, దాని మీద ఇంకో పెట్టె, పైన అమ్మ పాత చీర... మెట్లు సిద్ధం! ఇక్కడా అంతే. సరుకు తెచ్చిన పెట్టెలే ఖాళీ అయ్యాక మెట్లవుతాయి. వేరే సామాను తేనక్కర్లేదు, ఖాళీ పెట్టెలు దాచడానికి చోటూ వెతుక్కోనక్కర్లేదు.

అయితే కొలువుకూ అంగడికీ ఓ తేడా ఉంది. కొలువు చూడటానికి. అంగడి ముట్టుకోవడానికి. పెద్దవాళ్ల కంటి ఎత్తులో మంచి వస్తువులు, ఖరీదైనవి ఉండాలి. నడుం ఎత్తులో చేతికి అందేవి. అన్నిటికన్నా కింది మెట్టు పిల్లలది. బొంగరాలు, ఈలలు, చిన్న లక్కపిడతలు అక్కడ పెడితే పిల్లలు ఆగుతారు. పిల్లలు ఆగితే అమ్మానాన్నలు ఆగక తప్పదు. కొండపల్లి వాళ్ల స్టాలు ముందు ఇది కళ్లారా చూడొచ్చు. తెల్లపొణికి కర్ర దూది లాంటిది. చేతిలోకి తీసుకున్న ప్రతివాళ్లూ 'అబ్బ, ఎంత తేలిగ్గా ఉందో' అంటారు. ఆ మాట అన్నాక కింద పెట్టేవాళ్లు తక్కువ. ఆ బొమ్మను గాజు వెనక పెడితే ఆ మాట ఎక్కడి నుంచి వస్తుంది?

మెట్ల మీద పరిచే గుడ్డ సాదాగా ఉండాలి. రంగురంగుల బొమ్మల వెనక పూల దుప్పటి వేస్తే బొమ్మ కనపడదు, దుప్పటే కనపడుతుంది. గోనెపట్టా, గంజి పెట్టిన తెల్ల ముతక గుడ్డ, లేదంటే ఒకే రంగు చీర. ధరల చీటీలు మాత్రం తప్పనిసరి. మనవాళ్లకు మొహమాటం ఎక్కువ. ధర అడిగి కొనకుండా వెళ్తే బాగుండదని అసలు అడగనే అడగరు. చీటీ ఉంటే ధైర్యంగా దగ్గరకొస్తారు. బేరం ఎలాగూ ఆడతారనుకోండి!

నిమ్మలకుంట వాళ్ల తంటా వేరు. మేక తోలును పల్చగా, వెలుగు దూరేలా చేసి, రంగులద్ది, చిల్లులు పొడిచి తోలుబొమ్మలు చేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటలు తగ్గాక అదే పనితనంతో దీపాల గొట్టాలు చేసి అమ్ముతున్నారు. కానీ పట్టపగలు ఆ గొట్టం చూస్తే మామూలు రంగు కాగితంలా ఉంటుంది. లోపల దీపం వెలగాలి, చుట్టూ చీకటి ఉండాలి. అప్పుడే హనుమంతుడు కదిలినట్టు కనిపిస్తాడు. మేళాలో సగం రోజు పగలే కదా! వాళ్లు చేసిందేమిటంటే, స్టాలులో వెనక ఓ మూల మూడు వైపులా నల్లగుడ్డ కట్టి చిన్న గది లాంటిది అల్లారు. లోపల రెండే రెండు దీపాలు. మిట్ట మధ్యాహ్నం కూడా ఆ మూల రాత్రే. తొంగిచూసిన వాళ్లు తల బయటికి తీయడం లేదు. మొత్తం మైదానంలో నాకు నచ్చిన ఏర్పాటు అదే. దానికైన ఖర్చల్లా ఆరేడు గజాల నల్లగుడ్డ, గుప్పెడు పిన్నీసులు.

ఇంకో మాట. బల్బులు కొనేటప్పుడు తెల్లటి వెలుగువి కాకుండా పసుపు ఛాయ ఉన్న ఎల్ఈడీలు తీసుకోవాలి. తెల్లకాంతిలో కలంకారీ ఎరుపు, ఇత్తడి మెరుపు రెండూ పాలిపోతాయి.

తండ్రి మాటా... కొడుకు మాటా?

చేర్యాల స్టాలులో చిన్న తగువు నడుస్తోంది. తండ్రి ముందు వైపు రెండడుగుల జాగాలో చాప వేసి కూర్చుని బొమ్మ వేస్తానంటాడు. కొడుకేమో ఆ రెండడుగుల్లో ఇంకో ముప్ఫై మాస్కులు వేలాడదీయొచ్చంటాడు. "ఖాళీ జాగ ఎందుకు బాపు? సరుకు కనవడితెనే కదా కొనేది" అని కొడుకు. "చేసుడు కనవడాలె బిడ్డా" అని తండ్రి.

లెక్క ప్రకారం కొడుకుదే న్యాయం. అద్దె కట్టిన జాగాలో అయిదో వంతు వదిలేయడమంటే మాటలా? కానీ నకాషీ పటం చూసినవాళ్లు మొదట అడిగే ప్రశ్న 'ఇది ప్రింటా?' అనే. చింతగింజల అంబలి, సుద్ద కలిపి పూసిన ఖాదీ గుడ్డ మీద గీత గీతా చేత్తో వేసిందని ఎంత చెప్పినా సగం నమ్ముతారు. మనిషి ఎదురుగా కూర్చుని కుంచె పట్టుకుంటే ఆ ప్రశ్నే రాదు. ప్రింటుకిచ్చే ధరకూ, చేతిపనికిచ్చే ధరకూ మధ్య ఉన్న తేడా అంతా ఆ రెండడుగుల్లోనే ఉంది. నా ఓటు తండ్రికే. ఇత్తడి పని, తరిణె పని వాళ్లకు ఆ వీలు లేదు. వాళ్లు పని మధ్యలో ఆగిపోయిన మూడు ముక్కలు... పచ్చికర్ర, చెక్కినది, లక్క పూసినది... పక్కపక్కన పెడతారు. అదీ మంచి ఉపాయమే.

కాకపోతే ఓ చిక్కుంది. పని చేస్తూ కూర్చున్నాయన అమ్మలేడు. రంగు చేతులతో చిల్లర ఇవ్వలేడు. పక్కన ఇంకొకరు ఉండాల్సిందే. ఇద్దరొస్తే ఇద్దరికీ తిండి, ఇద్దరికీ ఛార్జీలు. ఆ కొడుకు ఈ సంవత్సరం వచ్చాడు. వచ్చే ఏడు వస్తాడో, ఎదురుగా కనిపిస్తున్న అద్దాల మేడల్లో ఏదో ఉద్యోగం చూసుకుంటాడో ఈ పదిహేను రోజుల అమ్మకాన్ని బట్టే ఉంటుందని తండ్రికి తెలుసు. తగువు అసలు రెండడుగుల గురించి కాదేమో అనిపించింది.

కాగితాల సంగతి

2014 జూన్ 2కు ముందు ఏటికొప్పాక నుంచి హైదరాబాద్‌కు సరుకు తేవడమంటే ఒకే రాష్ట్రంలో తిరగడం. ఇప్పుడు రాష్ట్రం దాటడం. ప్రభుత్వ జాబితాలో ఉన్న చేతివృత్తుల వస్తువులు అమ్మేవాళ్లకు ఏడాది అమ్మకాలు 20 లక్షల లోపు ఉంటే, వేరే రాష్ట్రం మేళాకు వెళ్లినా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ పాన్ కార్డు ఉండాలి. సరుకు విలువ ఎంత చిన్నదైనా ఇ-వే బిల్లు తీసుకోవాలి. చాలామంది ఇక్కడే తడబడుతున్నారు. చేతివృత్తుల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం ఇచ్చే పహచాన్ కార్డు ఉంటే ప్రభుత్వ మేళాలకు దరఖాస్తు చేసుకోవడం తేలిక.

పెద్ద మేళాకు ముందు...

ఇంటి నుంచి పనిచేసే ఆడవాళ్లు మొదటిసారి స్టాలు పెట్టాలనుకుంటే ముందు డాబా మీద పెట్టి చూడండి. నిజంగానే! ముగ్గుపిండితో పదడుగుల గడి గీయండి. అన్నీ పేర్చండి. ఎంతసేపు పట్టిందో గడియారం చూసుకోండి. గడికి అవతల పదడుగుల దూరంలో నిలబడి ఫోనుతో ఫొటో తీయండి. ఆ ఫొటోలో మీరు అమ్మేదేమిటో పక్కింటావిడ రెండు క్షణాల్లో చెప్పగలిగితే సరే. లేకపోతే సరుకు తగ్గించండి. కొత్తవాళ్లు చేసే పొరపాటు తక్కువ పెట్టడం కాదు, ఉన్నవన్నీ ఒకేసారి పెట్టేయడం.

పది, ఇరవై నోట్లు, క్యూఆర్ కోడ్ అట్ట, కత్తెర, సుతిలి తాడు, పిన్నీసులు, నగలైతే ఓ అద్దం... ఇవన్నీ ఒకే సంచిలో, ఆ సంచి ఎప్పుడూ ఒకే చోట. జనం ఎక్కువైతే ఫోన్ సిగ్నల్ అందదు, అప్పుడు చిల్లరే దిక్కు.

మేళా మొదటి రోజు నాలుగున్నరకు ఏటికొప్పాక స్టాలులో బోణీ అయింది. ఓ చిన్నపాప కింది మెట్టు మీది బొంగరం తీసుకుంది. వాళ్ల నాన్న పది రూపాయలు తగ్గించమన్నాడు. బోణీ బేరం వదులుకోకూడదని ఆయన తగ్గించేశాడు, నోటు కళ్లకద్దుకున్నాడు. రాత్రి తొమ్మిదింటికి లెక్క చూస్తే పధ్నాలుగు. మొదటి రోజుకు ఫరవాలేదట. శని, ఆదివారాలు వస్తే నలభై దాటుతుందని ఆశ. నీళ్ల క్యాన్లకు కట్టిన తాళ్లు మరోసారి లాగి చూసి, మెట్ల మీద దుప్పటి కప్పి, ఆ వెనకే చాప పరుచుకున్నాడు.